రాజ్యం కూలాక రాసిన చరిత్ర: టింబక్టు పండితుల తారీఖులు

సోంఘాయ్ సామ్రాజ్యం గురించి ఏ పుస్తకం తెరిచినా, అందులోని సమాచారంలో చాలా భాగం చివరికి రెండు అరబ్బీ గ్రంథాల దగ్గర తేలుతుంది. ఒకటి ‘తారీఖ్ అల్-సూదాన్’, రెండోది ‘తారీఖ్ అల్-ఫత్తాష్’. అరబ్బీలో తారీఖ్ అంటే చరిత్ర. పశ్చిమాఫ్రికాలో నైజర్ నది ఉత్తరంగా సాగి, సహారా అంచును తాకి, మళ్లీ దక్షిణానికి మళ్లే చోట టింబక్టు ఉంది. ఆ నగరపు ముస్లిం పండిత కుటుంబాల నుంచి వచ్చినవే ఈ రెండూ. పేరులోని ‘సూదాన్’కు నేటి సూడాన్ దేశంతో సంబంధం లేదు. సహారాకు దిగువన నల్లవారు నివసించే ప్రాంతాలన్నింటినీ అరబ్బీలో కలిపి అలా పిలిచేవారు.

వందేళ్లకు పైగా చరిత్రకారులు ఈ గ్రంథాల నుంచి రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు, సరుకుల వివరాలు ఏరుకుంటూ వచ్చారు. వీటిని ఎవరు, ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ రాశారన్న ప్రశ్న ఆ ఏరుకోవడంలో వెనకబడింది. నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన ప్రశ్న అదే. దానికి జవాబు వెతికితే ఒక గ్రంథం ఓడిపోయిన నగరపు ఆలోచనగా కనిపిస్తుంది. రెండోది ఒకటి కాదని, రెండు వేర్వేరు రచనలని తేలుతుంది.

ముందుగా కాలక్రమం చూడాలి. సోంఘాయ్‌ను పెద్ద రాజ్యంగా నిలబెట్టిన సున్ని అలీ 1464 నుంచి 1492 దాకా పాలించాడు. అతని తర్వాత వచ్చిన కొడుకును 1493లో ఓడించి, అస్కియా ముహమ్మద్ అనే సేనాని సింహాసనం ఎక్కి, అస్కియాల వంశాన్ని మొదలుపెట్టాడు. 1496లో హజ్‌కు బయలుదేరి, ఖలీఫా ప్రతినిధి అన్న హోదాతో తిరిగొచ్చాడు. ఆయన కొడుకుల్లో ఒకడైన అస్కియా దావూద్ 1549 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఏలాడు. ఆ కాలమే రాజ్యానికి సుభిక్షమైన కాలం. ఆ తర్వాత పదేళ్లు గడవకముందే అంతా ముగిసింది. మొరాకో సుల్తాన్ అహ్మద్ అల్-మన్సూర్ పంపిన తుపాకుల సైన్యం జూదర్ పాషా నాయకత్వంలో ఎడారి దాటి వచ్చి, 1591 మార్చిలో గావో నగరానికి దగ్గర్లోని తోందీబీ వద్ద సోంఘాయ్ సేనను చెదరగొట్టింది.

మన రెండు గ్రంథాల్లో మొదటిది 1650లలో పూర్తయింది. రెండోదాని అసలు భాగం 1660లది. అంటే వీటిని రాసినవారు సోంఘాయ్ వైభవాన్ని కళ్లారా చూసినవారు కారు. తాతల నోట విన్నవారు.

టింబక్టు పండితులకు 1591 కన్నా పెద్ద దెబ్బ రెండేళ్ల తర్వాత తగిలింది. 1593లో మొరాకో పాషా, అంటే సుల్తాన్ తరఫు సైనిక పాలకుడు, మహమూద్ బిన్ జర్ఖూన్ నగరంలోని ప్రముఖ ఉలేమాను, అంటే మత పండితులను, మసీదులో నిర్బంధించాడు. వాళ్ల ఇళ్లను దోచుకున్నారు. మరుసటి ఏడాది వాళ్లను కుటుంబాలతో సహా ఎడారి మీదుగా మర్రాకేష్‌కు తరలించారు. ఆ బందీలలో అహ్మద్ బాబా ఉన్నాడు. ఇస్లాం ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన మాలికీ శాఖ పండితుల జీవితాలపై ఆయన కూర్చిన గ్రంథం తర్వాత ఉత్తరాఫ్రికా అంతటా ప్రామాణికమైంది. దారిలో ఒంటె మీది నుంచి పడి ఆయన కాలు విరిగింది. మా బంధువుల్లో అందరికన్నా చిన్న గ్రంథాలయం నాదేనని, అందులోనే 1,600 పుస్తకాలు పోయాయని ఆయన సుల్తాన్‌తో నేరుగా చెప్పినట్లు రికార్డయింది. 1608లో గానీ ఆయన టింబక్టుకు తిరిగి రాలేకపోయాడు. ఆయనతో వెళ్లినవారిలో చాలామంది అసలు రాలేదు.

‘తారీఖ్ అల్-సూదాన్’ రచయిత అబ్ద్ అల్-రహ్మాన్ అల్-సాదీ పుట్టింది ఆ తరలింపు జరిగిన 1594లోనే, టింబక్టులోనే. గురువులుగా ఉండవలసిన తరం పోయిన నగరంలో పెరిగాడు. 1627లో జెన్నె పట్టణంలో ఒక మసీదుకు ఇమామ్ అయ్యాడు. పదేళ్లకు ఆ పదవి పోయింది. 1646 నాటికి టింబక్టులో ప్రభుత్వ ముఖ్య లేఖకుడిగా ఉన్నాడు. ఆ ప్రభుత్వం ఎవరిదన్నది గమనించాలి. మొరాకో నుంచి వచ్చిన సైనికులు స్థానిక స్త్రీలను పెళ్లాడి ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్ల సంతతిని అర్మా అంటారు. 17వ శతాబ్దం రెండో దశకానికల్లా మర్రాకేష్ నుంచి ఆజ్ఞలు రావడం దాదాపుగా ఆగిపోయి, పాషాలను అర్మా సేనలే ఎన్నుకోవడం మొదలైంది. తన పెద్దలను బందీలుగా పట్టుకెళ్లినవారి వారసుల కొలువులోనే సాదీ ఉత్తరప్రత్యుత్తరాలు రాశాడు, గొడవలు తీర్చే రాయబారాలకు వెళ్లాడు. గ్రంథం చివరి అధ్యాయాల్లో ఆ ప్రయాణాలూ ఉన్నాయి.

పీఠికలో సాదీ చెప్పిన కారణం సూటిగా ఉంటుంది. పూర్వం పెద్దలు కూడినప్పుడు ముందుగా ప్రవక్త సహచరుల గురించీ పుణ్యపురుషుల గురించీ మాట్లాడుకునేవారు, ఆపైన తమ దేశపు రాజుల కథలూ వాళ్ల చావుపుట్టుకలూ చెప్పుకునేవారు. ఆ తరం వెళ్లిపోయింది, తర్వాతివారికి ఆ ఆసక్తి లేదు, ఆ విద్య అంతరించిపోతోంది కనుక పూనుకుని రాస్తున్నానంటాడు. మొరాకో దండయాత్ర గురించి రాసేటప్పుడు ఆ గొంతు ఇంకా బరువెక్కుతుంది. భద్రత పోయి భయం వచ్చిందని, సంపద పేదరికంగా మారిందని, జనం ఒకరిమీద ఒకరు పడ్డారని రాస్తాడు. పాలకుల దగ్గర జీతం తీసుకుంటూ వాళ్ల తాతలు చేసిన పని గురించి ఇంత నిస్సంకోచంగా రాయడానికి ధైర్యం కావాలి.

మరి ఆ పాలకులు దీన్నెలా సహించారు? ఈ ముడిని విప్పడానికి గట్టి ప్రయత్నం చేసినవాడు చరిత్రకారుడు పాలో ఫెర్నాండో ద మొరాయిస్ ఫారియాస్. 2003లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఈ తారీఖులను జనశ్రుతిని యథాతథంగా కాగితం మీద పెట్టిన సంకలనాలుగా చూడటం తప్పంటాడు. టింబక్టు పండితులు అంతకుముందు ధర్మశాస్త్రం, వ్యాకరణం, పండితుల జీవితాలు రాశారు. రాజ్యాల కథను ఆది నుంచి తమ కాలం దాకా ఒకే ధారగా చెప్పే రచన వాళ్లకు కొత్త ప్రక్రియ. అది 17వ శతాబ్దం మధ్యలోనే ఎందుకు పుట్టిందంటే, అప్పుడు నైజర్ వంపులో మూడు వర్గాలు కలిసి బతకక తప్పని స్థితి ఏర్పడింది. ఆయుధబలం అర్మాలది. పేరు మిగిలి అధికారం పోయిన అస్కియాల వారసులు ఒక వైపు. చదువూ న్యాయపీఠాలూ చేతిలో ఉన్న పట్టణ పండిత కుటుంబాలు ఇంకో వైపు. ఈ ముగ్గురినీ ఒకే చరిత్రలో భాగం చేస్తే, రాజులు మారినా ధర్మబద్ధమైన పాలన తెగిపోలేదని చూపవచ్చు. అందుకే సాదీ కథలో సోంఘాయ్, మాలి, అస్కియాలు, పాషాలు ఒకరి తర్వాత ఒకరుగా వరసలో నిలుస్తారు. మంచి పాలకుడెవరు, చెడ్డవాడెవరు అన్నది ఉలేమాను ఎలా చూశాడన్న దాన్నిబట్టి తేలుతుంది.

దీన్ని తూర్పున ఉన్న బోర్ను రాజ్యంతో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. అక్కడి ఇమామ్ అహ్మద్ ఇబ్న్ ఫుర్తూ 1576లో, మళ్లీ 1578లో తన రాజు ఇద్రీస్ అలౌమా యుద్ధాల గురించి రెండు గ్రంథాలు రాశాడు. రాజు బతికి ఉండగా, గెలుస్తూ ఉండగా, ఆస్థానంలో కూర్చుని రాసిన విజయగాథలవి. నేటి ఘనా ఉత్తర భాగంలోని గొంజా రాజ్యపు చరిత్ర 18వ శతాబ్దం మధ్యది. పేరున్న కానో రాజుల చరిత్ర ఇప్పుడున్న రూపంలో 19వ శతాబ్దం చివరికి చెందింది. ఒకే భాష, ఒకే మతం, ఒకే పండిత సంప్రదాయం ఉన్నా వీటి అవసరాలు వేరువేరు. వీటన్నింటినీ ‘ఆఫ్రికా ముస్లిం చరిత్రలు’ అని ఒక కట్టగా కట్టేస్తే ఏదీ అర్థం కాదు.

ఇప్పుడు సాదీ గ్రంథంలో పక్షపాతం బాగా కనిపించే చోటుకు వెళదాం. అది సున్ని అలీ చిత్రణ. 1460ల చివర టింబక్టును పట్టుకున్న ఈ రాజు సాదీకి పరమ క్రూరుడు, ధర్మం తప్పినవాడు. అయిదు పూటల నమాజునూ రాత్రికో మర్నాటికో వాయిదా వేసి, కూర్చున్న చోటే ఊరికే సైగలు చేస్తూ ఒక్కొక్క నమాజు పేరు చెప్పి, మీకు ఒకరి సంగతి ఒకరికి తెలుసు కదా, మీలో మీరే పంచుకోండి అనేవాడట. సాంకోరే మసీదు చుట్టూ ఉండే పండితులను అతను వెంటాడిన మాట నిజమే. అయితే సోంఘాయ్ జనం చెప్పుకునే మౌఖిక కథల్లో ఇదే సున్ని అలీ మహా మాంత్రికుడు, ఓటమి ఎరగని వీరుడు. ఉలేమా గాయపడిన చోట జనం గర్వపడ్డారు.

అయినా సాదీ ఏకపక్షంగా రాసేసి ఊరుకోలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగేది ఇక్కడే. అంత హింస పెట్టినా సున్ని అలీ పండితుల విలువ ఎరిగినవాడేనని, వాళ్లు లేకపోతే లోకంలో రుచి లేదన్నాడని కూడా నమోదు చేశాడు. ఫులాని తెగపై దాడి చేసి చెరపట్టిన స్త్రీలను ఆ రాజు టింబక్టు పెద్దలకు కానుకలుగా పంపాడు. ధర్మచింత లేనివాళ్లు వాళ్లను దాసీలుగా ఉంచుకున్నారని, ఉన్నవాళ్లు పెళ్లి చేసుకున్నారని సాదీ రాసి, అలా పెళ్లాడినవారిలో తన నాయనమ్మ వైపు పూర్వీకుడైన ఒక ఇమామ్ ఉన్నాడని, ఆ స్త్రీ పేరు ఆయిషా అని చెబుతాడు. తాను దుర్మార్గుడని తేల్చిన రాజు చేసిన దాడి తన వంశంలో భాగమైందని దాచకుండా రాశాడు.

సున్ని అలీకి భయపడి టింబక్టు పండితులు ఎడారి పట్టణం వలాతాకు పారిపోయిన ఘట్టం ఇంకా బాగుంటుంది. నగరాన్ని అప్పటిదాకా ఏలిన, సహారా సంచార జాతి తువారెగ్‌ల నాయకుడు వాళ్లకోసం వెయ్యి ఒంటెలు తెప్పించాడు. గడ్డాలు పెరిగిన మగవాళ్లు ఒంటె ఎక్కడానికి గజగజ వణికారట. ఎక్కినవాళ్లు అది లేచేసరికి కింద పడ్డారట. పెద్దలు పిల్లలను పెద్దయ్యేదాకా ఇంట్లోంచి కదలనిచ్చేవారు కాదని, ఆటలు ఆడని పిల్లలకు లోకజ్ఞానం ఎక్కడినుంచి వస్తుందని సాదీ వివరణ. తిరిగి వచ్చాక పిల్లలను ఆడుకోనిచ్చారని కూడా చెబుతాడు. తన సొంత వర్గం అశక్తతను ఇంత నిజాయితీగా చూపిన చరిత్రకారుడిని కేవలం పండితుల తరఫు వకీలు అనడం అన్యాయం.

ఇక అంకెల సంగతి. తోందీబీలో సోంఘాయ్ సేనలో 12,500 మంది ఆశ్వికులు, 30,000 మంది కాలిబంట్లు ఉన్నారని సాదీ అంటాడు. రెండో తారీఖు 18,000 మంది ఆశ్వికులు, 9,700 మంది కాలిబంట్లు అంటుంది. రెండూ నిజం కాలేవు. ఓటమి ఎంత పెద్దదో చెప్పడానికి తరతరాలుగా నోటి మీద నడిచిన అంకెలవి. పాఠ్యపుస్తకాల్లో వీటిలో ఏదో ఒకదాన్ని ఖాయంగా వేయడం మానుకోవాలి.

పాత రాజవంశాల విషయంలో ఇంతకన్నా గట్టి పరీక్ష దొరికింది. యెమెన్ నుంచి వచ్చిన జా అలయమన్ అనే మూలపురుషుడితో మొదలుపెట్టి సోంఘాయ్ రాజుల వరుసను సాదీ ఇస్తాడు. వాళ్లలో జా కుసోయ్ హిజ్రీ 400లో, అంటే సుమారు 1009లో, ఇస్లాం స్వీకరించాడంటాడు. 1939లో గావో శివార్లలోని సానే శ్మశానంలో అరబ్బీ సమాధి శాసనాలు వెలుగుచూశాయి. వాటిలో కొన్ని స్పెయిన్‌లోని అల్మెరియాలో చెక్కించి ఎడారి మీదుగా తెప్పించిన పాలరాతి ఫలకాలు. 1100, 1120 మధ్య మరణించిన ముగ్గురు రాజుల పేర్లు వాటిమీద ఉన్నాయి. రాణులుగా పేర్కొన్న స్త్రీల శాసనాలూ దొరికాయి. ఆ రాజులను సాదీ వరుసలో ఎక్కడ కూర్చోబెట్టాలో ఎంత ప్రయత్నించినా సరిగ్గా కుదరలేదు. మొరాయిస్ ఫారియాస్ వాదన ఏమిటంటే, 17వ శతాబ్దపు పండితుల చేతిలో ఉన్నది తెగిపోయిన, అతుకులేసిన జ్ఞాపకం; దానితో వాళ్లు తమ కాలానికి సరిపడే గతాన్ని నిర్మించుకున్నారు. రాయి మీద అక్షరాలున్న కాలానికి ఆ శాసనమే ప్రమాణం. తారీఖు చెప్పేది ఆ గతాన్ని 1650లలో ఎలా తలచుకున్నారన్న సంగతి. రెండూ చరిత్రే, వేర్వేరు కాలాల చరిత్ర.

యూరప్‌కు సాదీ గ్రంథం మొదట తెలిసింది 1853లో. జర్మన్ యాత్రికుడు హైన్రిష్ బార్త్ గ్వాండూలో దాన్ని చదివి భాగాలు ఎత్తిరాసుకున్నాడు. రచయిత అహ్మద్ బాబా అనుకుని పొరబడ్డాడు. 1898లో పారిస్‌లో అరబ్బీ మూలం, 1900లో ఫ్రెంచ్ అనువాదం అచ్చయ్యాయి. అప్పటికే ఇంకొక తారీఖు ఉందన్న మాట టింబక్టులో వినబడుతూ ఉంది. దాని కథే అసలు చిక్కుముడి.

1911లో టింబక్టులో ఒక పాత రాతప్రతి దొరికింది. మొదటి పుటలు లేవు. పేరు లేదు. దాన్ని ఎ ప్రతి అన్నారు. దానికి తీసిన నకలు బి ప్రతి. మరుసటి ఏడాది ఇంకొకటి చేతికొచ్చింది. అందులో పీఠిక ఉంది, ‘తారీఖ్ అల్-ఫత్తాష్’ అన్న పేరు ఉంది, రచయిత మహమూద్ కాతీ అని ఉంది. ఇది సి ప్రతి. ఫ్రెంచ్ పండితులు హుదాస్, దెలాఫోస్ ఈ మూడూ ఒకే పుస్తకపు ప్రతులని భావించి, ఒకదాని ఖాళీలను ఇంకొకదానితో పూరించి 1913లో ఒకే గ్రంథంగా అచ్చువేశారు. పీఠికలోని లెక్క ప్రకారం కాతీ 1468లో పుట్టాడు. అస్కియా ముహమ్మద్ హజ్ యాత్రలో తోడు వెళ్లాడు. ఆయన మరణించింది మాత్రం 1593లో. అంటే 125 ఏళ్లు. పుస్తకంలో ఆ తర్వాతి సంఘటనలు కూడా ఉన్నాయి కనుక, తాత మొదలుపెట్టినదాన్ని మనవడు ఇబ్న్ అల్-ముఖ్తార్ పూర్తి చేశాడని సర్దిచెప్పారు. చాలాకాలం అందరూ దాన్నే నమ్మారు.

1971లో నెహెమియా లెవ్‌ట్సియోన్ ఒక్క పని చేశాడు. సి ప్రతిలో మాత్రమే ఉండి, ఎ, బి ప్రతుల్లో లేని భాగాలను విడదీసి పక్కన పెట్టాడు. పక్కన పడిన భాగాలకు ఒకే రంగు ఉంది. అస్కియా ముహమ్మద్ హజ్ యాత్రలో ఉండగా, కైరోలోని మహాపండితుడు సుయూతీ నోట ఒక జోస్యం వినబడుతుంది: ముస్లింలకు పన్నెండుమంది ఖలీఫాలు ఉంటారని ప్రవక్త చెప్పాడు, పదిమంది గడిచిపోయారు, పదకొండోవాడివి నువ్వే, పన్నెండోవాడు నీ తర్వాత ఎంతో కాలానికి మాసినా ప్రాంతంలో పుడతాడు, అతని పేరు అహ్మద్. సరిగ్గా ఆ పేరుతోనే, టింబక్టుకు ఎగువన నైజర్ వెంట ఉన్న మాసినాలో 1818లో అహ్మద్ లొబ్బో అనే ఫులాని నాయకుడు పాత పాలకులను ఓడించి హమ్దల్లాహి రాజధానిగా కొత్త ఇస్లామిక్ రాజ్యం స్థాపించాడు. తూర్పున, నేటి ఉత్తర నైజీరియాలోని ఇస్లామిక్ రాజ్యం సొకోటో ఖలీఫాలు తమ ఆధిపత్యాన్ని ఒప్పుకోమంటున్నారు. లొబ్బోది పేరున్న రాజవంశం కాదు. అతని అధికారానికి అస్కియా ముహమ్మద్ నుంచే నేరుగా వచ్చిన వారసత్వం కావాలి. అతని ఆస్థాన పండితుడు నూహ్ బిన్ అల్-తాహిర్ దాన్ని సమకూర్చాడు. పన్నెండో ఖలీఫా వచ్చాడని ప్రకటించే లేఖ రాసి దూరదేశాలకు పంపింది కూడా ఆయనే.

లెవ్‌ట్సియోన్ వీటిని పాత గ్రంథంలో చేరిన ప్రక్షిప్తాలుగా చూశాడు. 2015లో మౌరో నొబిలి, మొహమ్మద్ షాహిద్ మాథీ ఇంకో అడుగు ముందుకు వేశారు. వాళ్ల నిర్ధారణ ప్రకారం 1913లో అచ్చయిన పుస్తకం అసలు ఏనాడూ ఒక పుస్తకం కాదు. ఇబ్న్ అల్-ముఖ్తార్ 17వ శతాబ్దంలో రాసిన, పేరు తెలియని తారీఖు ఒకటి. దాన్ని ముడిసరుకుగా తీసుకుని నూహ్ 19వ శతాబ్దంలో తిరగరాసిన కొత్త గ్రంథం ఇంకొకటి. ‘తారీఖ్ అల్-ఫత్తాష్’ అన్న పేరు చెందవలసింది ఈ రెండోదానికే.

నూహ్‌ను దొంగ రాతగాడని కొట్టిపారేస్తే సగం నష్టపోతాం. పాత మాటలు ఎక్కడ ఉంచాలో, ఎక్కడ మార్చాలో, ఏ పండితుడి నోట జోస్యం పలికిస్తే జనం నమ్ముతారో ఆయనకు బాగా తెలుసు. 19వ శతాబ్దపు నైజర్ వంపులో అధికారం ఏ ఆధారాల మీద నిలబడేదో తెలుసుకోవాలంటే ఆయన గ్రంథం అమూల్యం. ఇబ్న్ అల్-ముఖ్తార్ అయితే ఇన్నాళ్లూ తాత పేరు చాటున ఉండిపోయిన నిఖార్సయిన చరిత్రకారుడు. టింబక్టులో 26 దర్జీ శాలలు ఉండేవని, ఒక్కో శాలలో ఓస్తాదు దగ్గర 50 నుంచి 100 మంది శిష్యులు పనిచేసేవారని రాసింది ఆయనే. అస్కియా దావూద్ రాతప్రతులకు నకళ్లు తీసేవారిని నియమించాడని, కాతీ కోసం ఒక అరబ్బీ నిఘంటువును 80 మిస్కాల్‌ల బంగారం, అంటే దాదాపు మూడో వంతు కిలో, ఇచ్చి కొన్నాడని చెప్పింది కూడా ఈ గ్రంథమే. ఒక నగరం బట్టలు కుట్టే తీరు నుంచి పుస్తకాల మీద ఖర్చు దాకా ఇంత దగ్గరగా చూపే వివరాలు సాదీలో కూడా అరుదు.

ఈ విడదీత వల్ల బాగా కదిలిపోయినది ఒకటుంది. సి ప్రతిలో 24 తెగల జాబితా ఉంది. ఇవి సోంఘాయ్ రాజులకు తరతరాలుగా దాస్యం చేయవలసిన తెగలని, ఏ తెగ ఏ పన్ను కట్టాలో, ఎవరితో పెళ్లి కూడదో అందులో రాసి ఉంటుంది. 20వ శతాబ్దంలో సోంఘాయ్ సమాజంలోని బానిసత్వం మీద రాసినవారిలో చాలామంది ఈ జాబితాను 15వ శతాబ్దపు సాక్ష్యంగా వాడుకున్నారు. నిజానికి అది హమ్దల్లాహి పాలకులు తమ కాలంలో నది వెంట బతికే జనం మీద హక్కు చెప్పుకోవడానికి ఉపయోగపడిన పత్రం. రాజ్యం సంపాదించుకోవడానికి రాసిన జోస్యం ఒక ఎత్తు, మనుషులను కట్టుబానిసలుగా ఉంచడానికి రాసిన జాబితా ఇంకో ఎత్తు. దీన్ని పాత సోంఘాయ్ ఆచారమని నమ్మి రాసిన పరిశోధనలను ఇప్పుడు తిరిగి చదవాల్సి వస్తోంది.

కాబట్టి సోంఘాయ్ మీద ఏదైనా పుస్తకం చదువుతూ, అస్కియా ముహమ్మద్ సహచరుడైన కాతీ స్వయంగా చూసి రాశాడన్న వాక్యం ఎదురైతే, ఆ సమాచారం ఏ ప్రతి నుంచి వచ్చిందో చూడాలి. ఎ, బి ప్రతుల్లో ఉంటే అది 1660లలో ఇబ్న్ అల్-ముఖ్తార్ తన పెద్దల నుంచి విన్నది. సి ప్రతిలో మాత్రమే ఉంటే అది హమ్దల్లాహి కొలువులో కూర్చుని నూహ్ బిన్ అల్-తాహిర్ రాసింది.